గింజ చప్పుడు, గాజు చప్పుడు

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకు కూడా. సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో మా బాపు బాలయ్య నడిపిన మోటార్‌సైకిల్ షెడ్డులో, చివరి నాలుగేళ్ళూ ఇంజన్లను విన్న చెవి నాది.

ఆయనకు చెవుడని ఇప్పుడు ఊరందరికీ తెలుసు. అది ఎలా బయటపడిందో ముందుముందు రాస్తాను. బయటపడ్డాక అందరూ అనుకున్నది ఒకటే: బాలయ్య ఇన్నేళ్ళూ ఊహ మీద బండ్లు బాగుచేశాడని, నమ్మినవాళ్ళను మోసం చేశాడని. నేను విని చెప్పేదాన్నని అప్పుడైనా అనవచ్చు. అనలేదు. అంటే ఆయనకు మిగిలిన పాత పేరు కూడా నేను లాగేసుకున్నట్టయ్యేది.

ఐటీఐలో టూవీలర్ మెకానిక్ ట్రేడులో చేరిన మీకు నాలుగు మాటలు చెప్పమని మీ సారు నన్ను పిలిచారు. రానన్నాను. నలుగురి ముందు నిలబడితే నాకు గొంతు పెగలదు. రాసిస్తానన్నాను. రోజూ డైరీ రాసుకునే అలవాటు ఉంది, పుస్తకాల పిచ్చి కూడా ఉంది. స్పేర్ పార్టుల అట్టపెట్టెల వెనక ఎప్పుడూ ఒక లైబ్రరీ పుస్తకం దాచుకునేదాన్ని. ముప్పై నిండకముందే ఈ పని నుంచి రిటైరయ్యాను. నాకు ఏం వచ్చో ఎలా వచ్చో రాయాలంటే బాపు గురించే రాయాలి, ఆయన తప్ప నాకు వేరే బాసు లేడు.

సాంచాల మధ్య భాష

బాపు మీసాలు రాకముందే భీవండి పోయాడు. మా కులపోళ్ళలో చాలామంది పోయినట్టే. అక్కడ మరమగ్గాల మీద పని. వాటిని మావాళ్ళు సాంచాలంటారు. ఒక్క షెడ్డులో వరసగా సాంచాలు నడుస్తుంటే పక్క మనిషి అరిచినా వినపడదట. అందుకే అక్కడ అందరూ పెదాలు చూసి మాట అర్థం చేసుకుంటారు, చేతులతో జవాబిస్తారు. పోగు తెగితే రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తారు. కండెలో నూలు అయిపోతే పిడికిలి తిప్పుతారు. చాయ్‌కి పోదామా అంటే బొటనవేలు నోటి దగ్గర పెడతారు.

సాయంత్రాలు పక్క గల్లీలో ఒక మోటార్‌సైకిల్ మెకానిక్ దగ్గర కూర్చుని బాపు పని నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక సిద్దిపేట వచ్చి షెడ్డు పెట్టాడు. సాంచాల మోత మాత్రం చెవుల్లో ఉండిపోయింది. సన్నటి చప్పుళ్ళు ముందు పోయాయి. ఫోన్ మోగితే వినపడేది కాదు, ఉరుము వినపడేది. ఆడవాళ్ళ గొంతులు పోయాయి, లారీ హారన్ ఉండేది. పెదాలు చదవడం చిన్నప్పుడే వచ్చు కాబట్టి ఎదురుగా నిలబడి మాట్లాడే మనిషికి అనుమానం వచ్చేది కాదు. మా అమ్మకే చాలాకాలం తెలియలేదు.

"పెండ్లైన కాడ్నించి గిట్లనే," అనేది. "నా మాట ఎన్నడన్న ఇన్నడా, గిప్పుడు ఇంటలేడని కొత్తగ చెప్పనీకె?"

నేను డిగ్రీ అయ్యాక పోటీ పరీక్షలు రాస్తూ, తప్పుతూ, మధ్యలో షెడ్డుకు పోయి దీపం పట్టుకునేదాన్ని. ఒకరోజు ఒక బండి పక్కన కూర్చుని ఉంటే లోపల ఏదో సన్నగా రాసుకుంటున్నట్టు వినపడింది. బాపు బాగుందని బండి తెచ్చిన గిరాకీకి తాళంచెవి ఇచ్చేస్తున్నాడు. నేను ఆయన అంగీ పట్టుకుని లాగాను. ఆయన నా ముఖం చూసి బండి మళ్ళీ లోపలికి పెట్టించాడు. విప్పితే చైను వైపు బేరింగ్ పగిలి ఉంది. గిరాకీ పోయాక ఆయన గోడవైపు తిరిగి అన్నాడు.

"నాకు ఇనరాలే బిడ్డా."

డాక్టరు ఇచ్చిన చెవి మిషను పెట్టుకుని చూశాడు. షెడ్డులో ఒక ఇంజన్ మోగితే చాలు, అది చెవిలో కేకలు పెట్టేదట. పైగా అందరికీ కనపడుతుంది. "చెవి లేని మెకానిక్ కాడికి ఎవడొస్తడు?" అని దాన్ని పానాల డబ్బాలో పడేశాడు. ఆ మాట నిజం. ఎవరికీ తెలియకూడదు, తెలిస్తే షెడ్డు ఉండదు, షెడ్డు లేకపోతే ఆయన ఉండడు. ఆ రోజు నుంచి నేను చేసిన పనంతా ఇందుకోసమే.

చెవి పని

ఇంజన్ వినడానికి, మేం పేచ్‌కస్ అనే పొడుగు స్క్రూడ్రైవర్ కొసను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి ఆనించుకోవడం మీరూ చూసి ఉంటారు. మా బాపు మొదట చెవికే పెట్టేవాడు. తర్వాత చెవి వెనక ఎముకకు పెట్టాడు. ఆఖరికి పిడిని పళ్ళతో కరిచి పట్టేవాడు. పళ్ళ ద్వారా అదురు తలకెక్కుతుంది కదా, అదే ఆయనకు మిగిలిన వినికిడి. చూసేవాళ్ళకు అదొక పెద్ద విద్యలా ఉండేది. కొన్నాళ్ళకు ఇంకో సందులోని మెకానిక్ కూడా పేచ్‌కస్ పళ్ళతో కరవడం మొదలుపెట్టాడు. ఆ మెకానిక్ చెవులు శుభ్రంగా పనిచేసేవి.

నా దగ్గర మూరెడు పాత పెట్రోల్ పైపు ఉండేది. ఒక కొస ఇంజన్ దగ్గర, ఒక కొస చున్నీ లోపల నా చెవిలో. పక్కన కూర్చుని దీపం పట్టుకున్నట్టు ఉండేదాన్ని. ఎండకు చున్నీ కప్పుకుందని అనుకునేవాళ్ళు. నావైపు ఎవరూ పెద్దగా చూసేవాళ్ళు కాదు, అది నాకు హాయిగానే ఉండేది. విన్నది బాపుకు సైగతో చెప్పేదాన్ని. ఆయన పళ్ళలోంచి పేచ్‌కస్ తీసి గిరాకీకి తన మాటగా చెప్పేవాడు.

చప్పుళ్ళకు పేర్లు ఆయనే పెట్టాడు. గాజు చప్పుడంటే చేయి ఊపితే గాజులు తగిలినట్టు, ఇంజన్ పైభాగంలో టాపెట్ల సందు ఎక్కువైతే వచ్చేది. భయం లేదు, సర్దితే పోతుంది, సర్దకపోయినా బండి నడుస్తుంది. దానికి మణికట్టు చుట్టూ వేలు తిప్పేదాన్ని. గింజ చప్పుడంటే చేటలో గింజలు జారినట్టు, కింద క్రాంకు దగ్గర బేరింగ్ చెడుతున్నప్పుడు వచ్చేది. అది వింటే బండిని ఒక్క అడుగు కూడా కదలనివ్వకూడదు. దానికి బొటనవేలితో చూపుడువేలి కొసను రుద్దేదాన్ని. ఇంకా ముదిరితే సుత్తె చప్పుడు. దానికి సైగ అక్కర్లేదు, అప్పటికి వీధంతా వింటుంది.

గాజూ గింజా రెండూ సన్నటివే. కొత్తవాళ్ళు పొరబడేది అక్కడే. పైపును సిలిండర్ తల దగ్గర పెట్టినప్పుడు పెరిగితే గాజు, కింద క్రాంకు డబ్బా దగ్గర పెట్టినప్పుడు పెరిగితే గింజ. తొందరపడకుండా రెండుచోట్లా వినండి.

నేనూ పొరబడ్డాను. ఒక బడిపంతులు గారి బండి గలగలమంటుంటే గాజు అని సైగ చేశాను. బాపు సిలిండర్ తల విప్పి, టాపెట్లు సర్ది, మూసి, మళ్ళీ స్టార్టు చేశాడు. గలగల అలాగే ఉంది. చివరికి పక్క డబ్బా తెరిస్తే ఖాళీ టిఫిన్ గిన్నె, అందులో చెంచా.

"సారూ, ఇంజన్‌కేం గాలె," అన్నాడు బాపు. "మీ బండికి ఆకలైతుంది."

పంతులు గారు నవ్వలేదు. మేమిద్దరం రెండు రోజులు నవ్వాం. అప్పటి నుంచి విప్పకముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఊగే ప్రతిదాన్నీ చేత్తో పట్టుకుని చూడాలని నియమం పెట్టుకున్నాను. మీరూ పెట్టుకోండి.

గడ్డివాము కింది బండి

మల్లేశం జగదేవ్‌పూర్ దగ్గరి పల్లెటూరు మనిషి. దుబాయిలో పని చేస్తాడు, సెలవు మీద వచ్చాడు. ఆయన ఒక ట్రాలీలో తెచ్చినదాన్ని బండి అనడం కష్టం. చనిపోయిన వాళ్ళ నాన్నది, పాతకాలపు ఒంటి సిలిండర్ లావు బండి. ఏళ్ళ తరబడి కొట్టంలో గడ్డి కింద ఉంది. సైలెన్సర్‌లో కందిరీగల గూడు, గాలి డబ్బాలో బల్లి గుడ్లు. టాంకు అడుగు తుప్పుకు జల్లెడ అయ్యింది. కిక్కు మీద నిలబడి తొక్కినా కదలలేదు.

"మా నాయిన మొక్కుండె అన్నా," అన్నాడు మల్లేశం. "మా అవ్వను గీ బండి మీద కూసుండవెట్టుకొని కొమురెల్లి మల్లన్న కాడికి వస్తనని. పోకముందే బండి ఆగె, ఆయన గుడ పోయె. నేను దుబాయికి మల్ల పోయేలోపట అవ్వను దీని మీదనే తీస్కపోవాలె."

నేనైతే వద్దనేదాన్ని. బాపు అప్పటికే బండి పక్కన గొంతుక్కూర్చుని ఇంజన్ మీది మట్టిని గోరుతో గీకుతున్నాడు. భీవండిలో ఆయన మొట్టమొదట విప్పిన ఇంజన్ ఇదే రకం. "నా చేతుల వెట్టినవు, మర్చిపో," అన్నాడు.

ఆ చలికాలం అంతా ఈ పనే. నా పనిజీవితంలో నేను సంతోషంగా ఉన్న కాలం అదొక్కటే అనుకుంటాను. ప్లగ్గు బొక్కలోంచి డీజిలూ కిరోసినూ కలిపి పోసి, రోజూ కొంచెం కొంచెం చక్రం ఊపుతూ పోతే, ఒక పొద్దున పిస్టన్ కదిలింది. బాపు నా వీపు మీద చరిచాడు. టాంకులో గులకరాళ్ళు పోసి ఊపి తుప్పు దులిపాం, అడుగు కోసి కొత్త రేకు అతికించాం. క్రాంకు డబ్బాలో బేరింగ్ పట్టుకుపోయి రాకపోతే, బాపు ఇంట్లో పెద్ద గంగాళం పొయ్యి మీద పెట్టి డబ్బాను మసిలే నీళ్ళలో దించాడు. లోహం వేడికి సాగి బేరింగ్ తనంతట తనే టప్పున రాలింది.

"గీ గంగాళంల రేపు అన్నం వండాల్నా నేను?" అంది అమ్మ.

బాపు గంగాళంవైపు చూస్తున్నాడు, ఆమె పెదాలు చూడలేదు. "మంచిగ రాలింది సూడు," అన్నాడు ఆమెతో ఎంతో సంతోషంగా.

సిలిండర్‌కు బోరింగ్ చేయించి పెద్ద సైజు పిస్టన్ వేశాం. కనెక్టింగ్ రాడ్ కింది బేరింగూ దాని పిన్నూ అరిగిపోయాయి. ఆ రకం బండి ఇప్పుడు తయారుకాదు కాబట్టి సామాను దొరకదు. హైదరాబాద్‌లో పాత సామాన్ల అంగట్లో వెతికి వెతికి ఒకటి పట్టుకున్నాం. దాన్ని క్రాంకుకు ఎక్కించే లేత్ షాపులో ఆలస్యమైంది, రెండుసార్లు తిరిగి పంపాం. బిగించాక రాడ్‌ను కిందికీ పైకీ లాగి ఇద్దరం చూశాం. వదులు లేదు. పక్కకు ఎంత ఆడాలో అంతే ఆడింది. ఈరోజు వరకూ ఆ చేతి పరీక్షలో తప్పు నాకు కనపడలేదు. ఆ పిన్ను పెట్టెలో ఉన్నప్పుడే నాసిరకమో, ఎక్కించేటప్పుడు వెంట్రుకవాసి వంకర అయిందో తెలియదు.

మొదటి కిక్కు

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పూర్తిగా విప్పి కట్టిన ఇంజన్‌ను వారం దాకా బయటికి ఇవ్వం. రోజూ కాసేపు నడిపి, చల్లారనిచ్చి, నట్లు మళ్ళీ బిగించి, మళ్ళీ వింటాం. లేత్ షాపు ఆలస్యం ఆ వారాన్ని తినేసింది. మొదటి కిక్కు శనివారం పడింది. మొక్కు తెల్లవారి ఆదివారం, ఆ వెంటే మల్లేశం విమానం.

శనివారం మల్లేశం వాళ్ళమ్మ నర్సవ్వను కూడా తీసుకొచ్చాడు. చాయ్ హోటల్ నుంచి జనం వచ్చి నిలబడ్డారు, కొందరు ఫోన్లు పట్టుకున్నారు. నేను చున్నీ సర్దుకుని నా జాగాలో కూర్చున్నాను. బాపు కిక్కు కొడుతున్నాడు. దగ్గింది, ఆగింది. మళ్ళీ దగ్గింది. ఆ తర్వాతి కిక్కుకు అందుకుంది. డుగ్ డుగ్ డుగ్ అని నిదానంగా, లావుగా. నేలలోంచి నా మోకాళ్ళలోకి వచ్చింది.

బాపు పేచ్‌కస్ పళ్ళతో కరిచి ఇంజన్‌కు ఆనించాడు. ఉన్నట్టుండి పేచ్‌కస్ తీసేశాడు. ఉత్త చెవితోనే ఇంజన్ దగ్గరికి వంగాడు. లేచి నావైపు తిరిగాడు. ఆయన ముఖం అలా వెలగడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఇనొస్తుంది!" అని గట్టిగా అరిచాడు.

"ఇనొస్తుందేందే బాలన్నా, సిద్దిపేటంత ఇనొస్తుంది," అని మల్లేశం నవ్వాడు. "అవ్వా, ఇన్నవా?"

"ఇనకేమాయె," అంది నర్సవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "మీ నాయిన మూల మల్పు కాడ ఉండంగనే గీ సప్పుడు ఇని నేను పొయ్యి మీద కూర వేడి జేస్తుంటి."

బాపు అన్న మాటకు అర్థం అక్కడ నాకొక్కదానికే తెలుసు. ఆ లావు చప్పుడు ఉరుములాంటిది, ఆయనకు మిగిలిన చెవికి సరిపోయింది. ఎన్నో ఏళ్ళకు ఒక ఇంజన్‌ను ఆయన తన చెవితో విన్నాడు.

నా పైపులో ఆ డుగ్ డుగ్ కింద ఇంకోటి ఉంది. చేటలో గింజలు జారుతున్నట్టు. సిలిండర్ తల దగ్గర పెట్టాను, తగ్గింది. కింద డబ్బా దగ్గర పెట్టాను, పెరిగింది. మళ్ళీ పెట్టి చూశాను. బాపు చూపు పట్టుకుని బొటనవేలితో చూపుడువేలి కొసను రుద్దాను. గింజ.

ఆయన తల అడ్డంగా ఊపి మణికట్టు చుట్టూ వేలు తిప్పాడు. గాజు. కొత్త టాపెట్లు, సర్దుకుంటాయని.

మళ్ళీ రుద్దాను. ఆయన మళ్ళీ వేలు తిప్పాడు, ఈసారి నన్ను చూడకుండా.

అప్పుడు నేను లేచాను. అంతమంది మగవాళ్ళ ముందు షెడ్డులో నేను గొంతెత్తడం అదే మొదలు.

"అన్నా, ఒక్కరోజు ఉంచుండ్రి. మల్ల ఇప్పి సూస్తం."

"రేపే గద చెల్లె మొక్కు. ఏమైంది?"

"లోపట సప్పుడున్నది."

మల్లేశం ముఖం మారింది. "బాలన్నా, నీ బిడ్డ సప్పుడున్నదంటుంది."

"గది టాపెట్ సప్పుడు," అన్నాడు బాపు. "కొత్త కొత్త గట్లనే ఉంటది. దానికేం ఎరుక? నేను ఇన్న గద, నా చెవులతోని ఇన్న. నువ్వు నిమ్మలంగ తీస్కపో." తర్వాత నావైపు తిరిగి, "పిల్లా, నిలవడి సూస్తున్నవేంది, అందరికి చాయ్ పట్కరాపో," అన్నాడు.

ఎవరో నవ్వారు. "మీ నాయినకన్న పెద్ద మెకానిక్ అయినవా చెల్లె?" అన్నారు వెనక నుంచి.

పోయాను. చాయ్ కెటిల్ తీసుకుని వచ్చేసరికి బండి వెళ్ళిపోయింది. బాపు సందు మొదట్లో నిలబడి, చెవి అటువైపు పెట్టి, ఇంకా వింటున్నాడు.

మీలో అమ్మాయిలు ఉంటే ఒక్క మాట. మీరు విన్నదాన్ని మొదటి రోజు నుంచే మీ నోటితో, మీ మాటగా చెప్పండి. నేను నాలుగేళ్ళు వేళ్ళతో చెప్పాను. నోటితో చెప్పాల్సిన రోజున నా మాటకు అక్కడ ఎవరి దగ్గరా విలువ లేదు, ఉండే దారి కూడా లేదు. అలా చేసి ఉంటే ఆ రోజు ఆగేదా అంటే, ఆగేదని కూడా చెప్పలేను.

తిరగని తల

కొమురవెల్లి కమాను ఇంకొంచెం దూరం ఉందనగా ఇంజన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి పక్కకు జారింది. మల్లేశంకు మోచేతులు గీసుకుపోయాయి. నర్సవ్వకు తుంటి ఎముక విరిగింది.

ఇదేమీ మాకు తెలియదు. సోమవారం పొద్దున బాపు గోడవైపు తిరిగి కూర్చుని ఒక బ్రేకు ముక్కకు ఆకురాయి పెడుతున్నాడు. నేను ఇవతల పానాలు తుడుస్తున్నాను. మల్లేశం వచ్చాడు.

"బాలయ్యా!"

బాపు ఆకురాయి పెడుతూనే ఉన్నాడు.

"ఓ బాలయ్యా! మా అవ్వ బొక్కలిరిగి దవాఖాన్ల పడ్డది! నీ చేతుల వెడితే గిదేనా చేసింది? మాట్లాడవేందిరా?"

చాయ్ హోటల్‌లో అందరూ లేచారు. నేను బాపు దగ్గరికి పోబోయాను. మల్లేశం చేయి అడ్డం పెట్టాడు. బాపు వీపు వెనకే నిలబడి, ఆయన తల పక్కన రెండు చేతులతో గట్టిగా చప్పట్లు చరిచాడు. బాపు ఆకురాయి మీది పొడిని ఊదుకుని మళ్ళీ పెట్టాడు.

మల్లేశం చేతులు దించి నావైపు చూశాడు.

"ఈయనకు ఇనరాదా?"

నేను నేలవైపు చూశాను. అదే జవాబు. అప్పుడు గోడ మీద నీడ చూసి బాపు వెనక్కి తిరిగాడు. మల్లేశంను చూసి నిండుగా నవ్వాడు.

"వచ్చినవా మల్లేశం! మొక్కు మంచిగైందా? అవ్వేది?"

అంతసేపూ అరిచిన మల్లేశం ఇక అరవలేకపోయాడు. బాపు ఎదురుగా నిలబడి పెదాలు కదిలేట్టు నెమ్మదిగా చెప్పాడు. "బండి పట్టేసింది. అవ్వ పడ్డది. నడుస్తదో నడువదో చెప్తలేరు. నీకు చెవులు లేవని ఒక్క మాట ముందుగల్ల చెప్తే, ఇంకోకాడికి పోతుంటిమి గద అన్నా."

బాపు నా ముఖం చూశాడు. ఆయన కుడిచేతి వేలు ఎడమ మణికట్టు మీదికి పోయి, సగం తిరిగి, ఆగిపోయింది.

ఆ తర్వాత

దవాఖానకు నేనొక్కదాన్నే పోయాను. నర్సవ్వ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "సప్పుడున్నదని నువ్వొక్కదానివే అంటివి బిడ్డా, నాకు యాదికున్నది," అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె మళ్ళీ లేచి నడవలేదు. మల్లేశం విమానం పోయింది, దుబాయి పని కూడా పోయింది. ఇంజన్ విప్పి చూద్దామని ఆయన్ను అడగడానికి మూడోసారి పోయినప్పుడు, దాన్ని దారిలోనే పాత ఇనుము వాళ్ళకు వేసేశానన్నాడు. ఎవరూ తెరవకుండానే అది కరిగిపోయింది. చెడిన ఇంజన్ తెరిచి ఏం జరిగిందో కళ్ళారా చూడటం మెకానిక్ హక్కు. ఆ హక్కు మాకు దొరకలేదు.

షెడ్డుకు కొన్నాళ్ళు జాలిపడేవాళ్ళు వచ్చారు, తర్వాత పంక్చర్లు వచ్చాయి, తర్వాత అవీ రాలేదు. నేనొక్కదాన్నే నడుపుతానని బోర్డు మీద కొత్త రంగు వేశాను. "బాలయ్యకు చెవుల్లేవు, బిడ్డకు నోరు లేదు," అన్నారు చాయ్ హోటల్‌లో. పోరగాళ్ళు చెంచాలు పళ్ళతో కరిచి ఒకరికొకరు ఇంజన్ విన్నట్టు నటించేవాళ్ళు. బాపుకు వినపడదు కానీ కళ్ళు ఉన్నాయి కదా. ఆయన కుర్చీ షెడ్డు లోపలికి జరుపుకున్నాడు.

ఒక షోరూంలో మెకానిక్ పనికి పోతే నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి, సర్వీసు ఎలా ఉందో గిరాకీలకు ఫోన్ చేసి అడగమన్నారు. ఫోన్‌లో నా గొంతు వినపడటం లేదని నెల తిరక్కుండానే తీసేశారు. ఇప్పుడు ఒక మందుల దుకాణంలో అరలు సర్దుతున్నాను. దారిన పోయే బండ్ల చప్పుళ్ళు లోపలికి వస్తూనే ఉంటాయి. గాజు, గాజు, ఒక్కోసారి గింజ. బయటికి పరుగెత్తి ఆపమని చెప్పాలనిపిస్తుంది. ఒక్కసారీ పోలేదు.

మీకు ధైర్యం చెప్పి ముగించమని మీ సారు అన్నారు. నా దగ్గర లేనిది ఎలా ఇవ్వను. పని మంచిదే. విప్పండి, కడగండి, కొలవండి, రెండుచోట్లా వినండి. అన్నీ చేసినా ఒకరోజు ఇలా జరగవచ్చు. జరిగితే మీ పక్కన ఎవరూ ఉండరు.

షెడ్డు ఖాళీ చేసిన రోజున పానాలూ బల్లా అన్నీ ఆటో ట్రాలీలో ఎక్కించారు. పొడుగు పేచ్‌కస్ ఒక్కటే బాపు ఇవ్వలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చున్నాడు. అన్ని నెలలుగా ఆయన ఆ శనివారం గురించి నన్ను ఒక్కటీ అడగలేదు. ట్రాలీ పోయాక నన్ను దగ్గరికి రమ్మని చేయి ఊపాడు. తన గొంతు ఎంత పెద్దగా వస్తుందో ఆయనకు తెలియదు, ఆయన నోరు తెరవగానే చాయ్ హోటల్ వాళ్ళందరూ ఇటు తిరిగారు. అది గమనించే కాబోలు, అప్పటి నుంచి ఇంట్లో కూడా నోరు తెరవడం మానేశాడు. అన్నం కావాలన్నా, నీళ్ళు కావాలన్నా భీవండి సైగలే. గడప మీద నా పెదాలవైపే చూస్తూ, కన్ను తిప్పకుండా, ఆయన నన్ను అడిగిన ఆఖరి మాట ఇది:

"నిజం చెప్పు బిడ్డా. గింజనా, గాజునా?"